సాగు సొమ్ము ఎవరి నియోజకవర్గానికి?

అమెరికా ప్రభుత్వం రైతులకిచ్చే సొమ్ములో ఏ నియోజకవర్గానికి ఎంత దక్కుతోందని లెక్కలు తీయడం మొదలై ముప్పై ఏళ్లు దాటింది. లెక్కలు పెరిగాయి, చర్చ మాత్రం తేలకపోగా మరింత చిక్కుపడింది. ప్రతినిధుల సభలో 435 స్థానాలుంటే, పెద్ద మొత్తాలు అందుకునేవి వాటిలో కొద్దిపాటివే. కన్సాస్ పశ్చిమ భాగమంతా పరుచుకున్న ఒకటో నియోజకవర్గం, నెబ్రాస్కా మూడు, అయోవా నాలుగు, మిన్నెసోటా ఏడు, ఒక్కొక్క స్థానమే ఉన్న ఉత్తర, దక్షిణ డకోటాలు, పత్తి పండే టెక్సాస్ పంతొమ్మిది, వరి పండే ఆర్కాన్సాస్ ఒకటి ఆ వరుసలో ముందుంటాయి. న్యూయార్క్, షికాగో నగరాల నడిబొడ్డున ఉన్న స్థానాలకు అందేది లెక్కలోకి రానంత తక్కువ.

ఇంతవరకు ఎవరికీ పేచీ లేదు. ఇలా ఎందుకుందన్న దగ్గరే దారులు చీలుతాయి. కమిటీల్లో కూర్చున్నవాళ్లు తమ ప్రాంతానికి మళ్లించుకుంటున్నారని కొందరంటారు. పార్టీలు, అధ్యక్షులు ఓట్ల కోసం పంచుతున్నారని మరికొందరు. భూమి ఎక్కడుంటే సొమ్ము అక్కడికే పోతుంది, ఇందులో వింతేముందని ఇంకొందరు. మూడో మాటే నిజానికి ఎక్కువ దగ్గర. కాకపోతే ఏ భూమిని, ఏ పంటను, ఏ ఏడాది సాగును లెక్కలోకి తీసుకోవాలో రాసింది రాజకీయమే. నియోజకవర్గాల పటంలో కనిపించే రంగులకన్నా ఆ సూత్రం రాసిన గదిలో జరిగిన బేరమే అసలు పంపకం. ఈ చర్చలో చాలాకాలంగా వెనకబడిపోయిన సంగతి ఇదే.

ఏడు సరుకుల జాబితా

1920 జనాభా లెక్కల్లో మొదటిసారిగా అమెరికాలో పట్టణవాసులు పల్లెవాసులను మించిపోయారు. సీట్లు మళ్లీ పంచితే పల్లె రాష్ట్రాలు నష్టపోతాయని ఆ దశాబ్దమంతా పునర్విభజన జరగనివ్వలేదు. 1929లో చట్టం వచ్చాకగానీ ఆ ముడి వీడలేదు. మరో నాలుగేళ్లకు, మహామాంద్యం నడుమ, 1933 వ్యవసాయ సర్దుబాటు చట్టం వచ్చింది. గోధుమ, పత్తి, మొక్కజొన్న, వరి, పొగాకు, పందులు, పాలు అనే ఏడింటిని అది మూలసరుకులుగా ఎంచింది. సరుకు శుద్ధిచేసే మిల్లులపై పన్ను వేసి, సాగు తగ్గించుకున్న రైతుకు డబ్బివ్వడం చెల్లదని 1936లో సుప్రీంకోర్టు కొట్టేసింది. అయినా 1938, 1949 చట్టాలు ఆ సాయాన్ని వేరే దారిలో నిలబెట్టాయి.

ఆ జాబితా ఆ తర్వాత పెరిగింది, కొంత మారింది, కానీ దాని స్వభావం మారలేదు. పంట విలువ లెక్కన చూస్తే కాలిఫోర్నియా దేశంలోనే మొదటి వ్యవసాయ రాష్ట్రం. అయినా అక్కడి బాదం, ద్రాక్ష, టమాటా, ఆకుకూరలకు ఈ పంట చెల్లింపుల్లో దాదాపు చోటే లేదు. అందుకే సెంట్రల్ వ్యాలీ నియోజకవర్గాలు కోట్ల డాలర్ల పంట పండిస్తూ కూడా సబ్సిడీ పట్టికలో కింద ఉంటాయి. కన్సాస్ గోధుమ పొలం, కాలిఫోర్నియా టమాటా పొలం మధ్య తేడా ఇవాళ్టి ఓటర్లు పెట్టింది కాదు.

1964 ఈ కథలో కీలకమైన ఏడాది. జనాభా సమానంగా ఉండేలా నియోజకవర్గాలను గీయాలని వెస్‌బెరీ కేసులో సుప్రీంకోర్టు తీర్పునిచ్చింది. దాంతో పల్లె స్థానాల బలం తగ్గడం ఖాయమైంది. అదే ఏడాది పట్టణ సభ్యులు కోరిన, పేదల ఆహార సాయానికి ఉద్దేశించిన ఫుడ్ స్టాంపుల చట్టం, పల్లె సభ్యులు కోరిన పత్తి, గోధుమల చట్టం ఒకదానికొకటి ఆసరాగా సభ దాటాయి. రాజనీతి శాస్త్రవేత్త జాన్ ఫెరెజాన్ ఈ బేరాన్ని వివరంగా విశ్లేషించారు. 1973 నుంచి రెండూ ఒకే బిల్లులో కలిసి వస్తున్నాయి. ఇప్పుడు ఆ బిల్లు ఖర్చులో అత్యధిక భాగం పేదల ఆహార సాయానిదే. రైతులు జనాభాలో రెండు శాతం కూడా లేని దేశంలో ఈ చెల్లింపులు ఇన్నేళ్లు బతికి ఉండడానికి ఈ పొత్తే ఆధారం. 2013 జూన్‌లో ప్రతినిధుల సభ ఉమ్మడి బిల్లును 195-234 ఓట్లతో తిప్పికొట్టాక, ఆహార సాయాన్ని విడదీసి రైతుల భాగాన్ని ఒక్కదాన్నే తెస్తే అది 216-208తో గట్టెక్కింది. ఎనిమిది ఓట్ల తేడా! రైతు నియోజకవర్గాలు తమంతట తాము నిలబడితే ఎంత పలుచగా ఉంటాయో ఆ అంకె చెబుతుంది.

బేస్ ఎకరాలు: సూత్రం ఎలా పనిచేస్తుంది

1996 చట్టం తెచ్చిన మార్పు అర్థంకాకపోతే పటం అర్థంకాదు. దాన్ని నడిపించినవారు పాట్ రాబర్ట్స్, కన్సాస్ ఒకటో నియోజకవర్గం సభ్యుడు, అప్పటి సభా వ్యవసాయ కమిటీ అధ్యక్షుడు. ఈ ఏడు ఏం వేశావన్నదానితో పనిలేకుండా, గతంలో ఆ భూమిలో ఏ పంట ఎన్ని ఎకరాల్లో పండిందన్న లెక్కనుబట్టి డబ్బిచ్చే పద్ధతి అలా స్థిరపడింది. ఆ పాత లెక్కనే బేస్ ఎకరాలు అంటారు. అవి భూమికి అంటుకుని ఉంటాయి, చేతులు మారినప్పుడు భూమితోపాటే మారతాయి.

దీని ఫలితం కొన్నిచోట్ల విడ్డూరంగా ఉండేది. టెక్సాస్ తీరంలో ఒకప్పుడు వరి పండిన నేలలో ఇళ్ల స్థలాలు లేచాయి. ఆ ఇళ్ల యజమానులకు, వాళ్లెప్పుడూ అరక పట్టకపోయినా, పాత వరి ఎకరాల పేరుతో చెల్లింపులు అందాయి. 2000 నుంచి ఇలా సాగుచేయనివాళ్లకు చేరిన మొత్తం కనీసం 130 కోట్ల డాలర్లని 2006లో వాషింగ్టన్ పోస్ట్ బయటపెట్టింది. ఇలా అందే, ఏటా సుమారు 500 కోట్ల డాలర్ల నేరు చెల్లింపులను 2014 చట్టం రద్దుచేసింది. వాటి స్థానంలో వచ్చిన రెండు పథకాల్లో ఒకటి ధర పడినప్పుడు, ఇంకొకటి రాబడి పడినప్పుడు ఆదుకుంటుంది. లెక్క మాత్రం బేస్ ఎకరాలదే. 2025 జులై 4న సంతకమైన చట్టం చెల్లింపులకు కొలతగా పెట్టుకున్న రిఫరెన్స్ ధరలు పెంచి, మరో 3 కోట్ల ఎకరాల దాకా బేస్‌లో చేర్చడానికి వీలిచ్చింది. ఒక్కొక్కరి పరిమితిని 1,25,000 డాలర్ల నుంచి 1,55,000కు తీసుకెళ్లింది.

అంటే ఈ ఏడాది ఒక నియోజకవర్గంలో పడే సొమ్మును నిర్ణయించేది చాలావరకు ఎన్నో ఏళ్ల నాటి పంటల పట్టిక, ఆ పంటకు చట్టంలో రాసిన ధర. ఇవాళ అక్కడ గెలిచింది ఏ పార్టీ అన్నది కాదు.

మూడు వాదాలు

మొదటిది కమిటీ వాదం. డేవిడ్ మేహ్యూ 1974లో, కెన్నెత్ షెప్స్‌లీ, బారీ వైన్‌గాస్ట్ ఆ తర్వాతి ఏళ్లలో దీన్ని నిలబెట్టారు. మళ్లీ గెలవాలనుకునే సభ్యుడు తన నియోజకవర్గానికి ముఖ్యమైన కమిటీలోకి చేరతాడు, అక్కడ తన వాళ్లకు మేలు చేస్తాడు, ఇతర కమిటీల్లో ఇతరులు చేసుకునే మేలుకు అడ్డురాడు. సభా వ్యవసాయ కమిటీ అధ్యక్షుల వరుస చూస్తే ఈ వాదానికి బలం కనిపిస్తుంది. రాబర్ట్స్ తర్వాత కొన్నాళ్లకు టెక్సాస్ పంతొమ్మిది నుంచి లారీ కోంబెస్ట్, ఆపైన మిన్నెసోటా ఏడు నుంచి కాలిన్ పీటర్సన్, ఓక్లహామా మూడు నుంచి ఫ్రాంక్ లూకస్, టెక్సాస్ పదకొండు నుంచి మైక్ కొనవే వచ్చారు. అందరివీ సబ్సిడీ బాగా పడే నేలలే.

పత్తి కథ దీనికి గట్టి సాక్ష్యం. అమెరికా పత్తి సాయం అన్యాయమని ప్రపంచ వాణిజ్య సంస్థలో బ్రెజిల్ వేసిన కేసు గెలిచింది. తమ సబ్సిడీని వెంటనే మార్చుకోలేక అమెరికా 2010 నుంచి ఏటా 14.73 కోట్ల డాలర్లు బ్రెజిల్ పత్తి రైతుల కోసం చెల్లించింది. 2014లో మరో 30 కోట్లిచ్చి రాజీ కుదుర్చుకుంది. తన రైతుకిచ్చే సాయాన్ని కాపాడుకోవడానికి పరాయి దేశపు రైతుకు కూడా డబ్బు కట్టడం పన్ను చెల్లించే పౌరుడికి ఏ కోణంలో చూసినా అన్యాయమే. ఆ ఒత్తిడితో 2014 చట్టంలో పత్తిని ప్రధాన పథకాల్లోంచి తప్పించారు. నాలుగేళ్లు తిరగకుండానే, 2018 ఫిబ్రవరి బడ్జెట్ చట్టంలో గింజతో ఉన్న పత్తి పేరుతో, పౌనుకు 36.7 సెంట్ల రిఫరెన్స్ ధరతో అది తిరిగొచ్చింది. అప్పుడు సభా కమిటీ అధ్యక్షుడు పశ్చిమ టెక్సాస్‌కు చెందిన కొనవే. సెనేట్‌లో నిధుల కమిటీ అధ్యక్షుడు పత్తి రాష్ట్రం మిసిసిపీకి చెందిన థాడ్ కోక్రన్.

అయితే కమిటీ వాదం తడబడే ఉదాహరణ కూడా అదే స్థాయిలో ఉంది, అదీ కన్సాస్ ఒకటిలోనే. ఆ స్థానం సభ్యుడు టిమ్ హ్యూల్‌స్కాంప్‌ను 2012 డిసెంబరులో సొంత పార్టీ నాయకత్వమే వ్యవసాయ కమిటీలోంచి తీసేసింది. దేశంలోని పెద్ద గోధుమ ప్రాంతానికి ఆ కమిటీలో గొంతు లేకుండా పోయింది. రైతు సంఘాలు మండిపడ్డాయి, 2016 ఆగస్టు ప్రైమరీలో ఆయన రోజర్ మార్షల్ చేతిలో ఓడిపోయారు. కానీ ఆ మధ్యకాలంలో కన్సాస్ రైతుకు బేస్ ఎకరాల మీద రావాల్సిన చెల్లింపు ఆగలేదు, ఆగే వీలూ లేదు. కమిటీ కుర్చీ చట్టం రాసే ఏడాదిలో విలువైనది. మిగతా ఏళ్లలో సొమ్ము దాని దారిన అది పోతుంది.

రెండోది పార్టీ వాదం. ఇందులోనే రెండు పాయలు. తమ వీరాభిమానులకే పార్టీలు పంచుతాయని గ్యారీ కాక్స్, మాథ్యూ మెకబిన్స్ 1986లో అన్నారు. ఎటూ తేల్చుకోని ఓటర్లకే పంచుతాయని లిండ్‌బెక్, వైబుల్ 1987లో అన్నారు. అమెరికా లెక్కలతో చూసిన స్టీవెన్ లెవిట్, జేమ్స్ స్నైడర్ 1995లో చెప్పిన మాట నా దృష్టిలో ఈ మొత్తం సాహిత్యంలో ఎక్కువ ఉపయోగపడేది. తగినంత కాలం చేతిలో ఉంటే పార్టీలు తమకు నచ్చిన తరహా ఓటర్లకు సొమ్ము చేర్చగలవుగానీ, ఫలానా నియోజకవర్గాన్ని ఎంచి అప్పటికప్పుడు చేర్చలేవన్నారు వారు. 2010లో బెర్రీ, బర్డెన్, హోవెల్ మరో అడుగు వేశారు. అధ్యక్షుడి పార్టీ సభ్యులున్న నియోజకవర్గాలకు సమాఖ్య నిధులు నాలుగైదు శాతం అదనంగా పోతున్నాయని, కమిటీ సభ్యత్వం ప్రభావం అంతగా కనిపించడం లేదని వారి ఫలితం. కానీ అది సూత్రం ప్రకారం హక్కుగా అందే చెల్లింపులను పక్కనపెట్టి తీసిన లెక్క. దాన్ని నేరుగా పంట సబ్సిడీకి అంటగట్టడం తగదు. చాలామంది చేసే పొరపాటు ఇదే.

మూడోది మాన్‌కుర్ ఓల్సన్ 1965లో చెప్పిన ఆసక్తి సమూహాల వాదం. కొద్దిమందికి పెద్ద లాభం, కోట్లమందికి తలా కాస్త నష్టం ఉన్నచోట కొద్దిమందే కూడబలుక్కుని గెలుస్తారు. ఏ సరుకు ఉత్పత్తిదారులకు ఎంత దక్కుతుందో ఈ కోణంలో బ్రూస్ గార్డనర్ 1987లో పరిశీలించారు. ఈ వాదంలో నియోజకవర్గానికి అసలు పెద్ద పాత్ర లేదు. వరి, వేరుశెనగ, పత్తి, చక్కెర అనే సరుకులే పాత్రధారులు.

మూడింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే, ఒక్కొక్కటీ ఒక్కో కాలవ్యవధికి సరిపోతుంది. దశాబ్దాల పాటు ఏ పంటలు జాబితాలో నిలిచాయో ఓల్సన్ వాదం చెబుతుంది. ఐదారేళ్లకోసారి చట్టం తిరగరాసినప్పుడు ధరలు ఎవరివైపు మొగ్గాయో కమిటీ వాదం చెబుతుంది. ఏడాది లోపల అధికారుల చేతిమీదుగా సొమ్ము పారినప్పుడే పార్టీ వాదానికి పని తగులుతుంది.

వాణిజ్య యుద్ధం తెచ్చిన చేతివాటం

అలా సొమ్ము పారిన సందర్భం 2018లో వచ్చింది. చైనా ప్రతీకార సుంకాలతో నష్టపోయిన రైతులకోసం కాంగ్రెస్ కొత్త చట్టమేమీ చేయకుండానే, వ్యవసాయ శాఖ కమోడిటీ క్రెడిట్ కార్పొరేషన్ ఖాతాలోంచి ఆ ఏడు 1,200 కోట్ల డాలర్ల వరకు, మరుసటి ఏడు 1,600 కోట్ల వరకు సాయం ప్రకటించింది. 1933 నాటి ఆ సంస్థకు 3,000 కోట్ల డాలర్ల దాకా అప్పు తెచ్చుకునే అధికారం ఉంది. కరోనా సాయం కూడా కలిసి 2020లో రైతులకు చేరిన ప్రభుత్వ సొమ్ము 4,500 కోట్ల డాలర్లు దాటింది.

2018లో సోయాబీన్‌కు బుషెల్‌కు 1.65 డాలర్లు, మొక్కజొన్నకు ఒకే ఒక్క సెంటు ఇచ్చారు. 2019లో పద్ధతి మార్చి, కౌంటీకి ఒక రేటు చొప్పున ఎకరాకు 15 నుంచి 150 డాలర్ల మధ్య నిర్ణయించారు. కౌంటీలో గతంలో పండిన పంటల మిశ్రమాన్నిబట్టి ఆ రేటు వచ్చింది. కాబట్టి కౌంటీ సరిహద్దుకు అటూ ఇటూ పొలాలున్న ఇద్దరు సోయాబీన్ రైతుల్లో, ఎటువైపు కౌంటీలో పత్తి ఎక్కువగా సాగైందో ఆ రైతుకు ఎకరాకు ఎక్కువ దక్కింది, అతను ఆ ఏడు పత్తి గింజ నాటకపోయినా సరే.

అత్యధిక రేట్లలో 95 శాతం దక్షిణాది కౌంటీలకే పోయాయని 2019 నవంబరులో సెనేట్ వ్యవసాయ కమిటీ డెమొక్రాట్లు నివేదిక విడుదలచేశారు. అప్పటి వ్యవసాయ మంత్రి సనీ పెర్డ్యూ జార్జియావారు కావడం అనుమానాన్ని పెంచింది. కానీ మొత్తం సొమ్ములో పెద్ద వాటా అయోవా, ఇలినాయ్‌లవే. అనుమానానికి ఎకరా రేటు ఆధారం, దాన్ని తోసిపుచ్చడానికి రాష్ట్రాల మొత్తం ఆధారం. రెండూ ఒకే పథకం లెక్కలే. పత్తి సహా కొన్ని పంటలకు ఇచ్చిన పరిహారం వాటి ధరలో వచ్చిన తరుగుదలకన్నా ఎక్కువని 2020లో జాన్‌జెన్, హెండ్రిక్స్ తేల్చారు. పంటను ఎంచడంలోనే మొగ్గు ఉందన్నమాట. ఓట్ల సంగతికొస్తే, ప్రతీకార సుంకాల దెబ్బ తగిలిన చోట 2018లో రిపబ్లికన్లకు మద్దతు తగ్గిందని, సాయం ఆ నష్టాన్ని కొంతమేరే పూడ్చిందని బ్లాంచర్డ్, బౌన్, చోర్ పరిశోధన చెబుతోంది.

నియోజకవర్గం లోపల ఎవరికి?

మొత్తాల పటం దాచిపెట్టేది ఈ ప్రశ్ననే. 2001 చివర్లో ఎన్విరాన్‌మెంటల్ వర్కింగ్ గ్రూప్ అనే సంస్థ సమాచార చట్టం కింద తెచ్చిన చెల్లింపుల వివరాలను అందరికీ అందుబాటులో పెట్టింది. 1995 నుంచి పంట చెల్లింపుల్లో నాలుగింట మూడు వంతులకు పైగా పైన ఉన్న పదో వంతు లబ్ధిదారులకే పోయాయని ఆ లెక్కల సారం.

మిసిసిపీ రెండో నియోజకవర్గం చూడండి. నది వెంబడి డెల్టా భూములు, పత్తి, సోయా, వరి. సబ్సిడీ భారీగా పడే ఈ స్థానంలో నల్లజాతివారు అధిక సంఖ్యాకులు, దేశంలోని నిరుపేద నియోజకవర్గాల్లో ఇదొకటి. ఆ సొమ్ము చేరేది పెద్ద కమతాలకు. రుణాలు, సాయంలో వివక్ష చూపారని నల్లజాతి రైతులు వ్యవసాయ శాఖపై వేసిన పిగ్‌ఫర్డ్ కేసు 1999లో రాజీకి వచ్చింది. పటంలో ముదురురంగు పూసిన నేలలో ఎక్కువమందికి ఒక్క డాలరూ రాదు.

కౌలు మరో పొర. అమెరికా సాగుభూమిలో సుమారు నలభై శాతం కౌలుకిచ్చినదే. చట్టం ప్రకారం డబ్బు సాగుచేసేవాడికి వస్తుంది, కానీ సబ్సిడీ డాలరుకు కౌలు పాతిక సెంట్ల దాకా పెరుగుతోందని బారెట్ కిర్వన్ 2009లో చూపారు. ఆ పాతిక సెంట్లు ఏ నియోజకవర్గంలో నివసించే యజమానికి చేరతాయో ఏ పట్టికా చెప్పదు. తలకింతన్న పరిమితి కూడా గట్టిది కాదు. భాగస్వామ్య సంస్థలో ఎంతమంది ఉంటే అన్ని పరిమితులు, 2018 వ్యవసాయ చట్టం మేనల్లుళ్లను, అన్నదమ్ముల పిల్లలను కూడా కుటుంబం లెక్కలోకి తెచ్చింది.

తెలుగు నేలతో పోలిక

సూత్రం చేసే పనికి తెలంగాణ రైతుబంధు దగ్గరి ఉదాహరణ. 2018 మేలో హుజూరాబాద్‌లో మొదలైన ఆ పథకం ఎకరాకు సీజన్‌కు 4,000 రూపాయలు, తర్వాత 5,000 ఇచ్చింది. ఎకరాల పరిమితి ఉండేది కాదు, పట్టాదారుకే తప్ప కౌలుదారుకు అందేది కాదు. 119 శాసనసభ స్థానాల్లో హైదరాబాద్ జిల్లాలోని 15కు దాదాపు ఏమీ వచ్చేది కాదు, భూమి ఎక్కువున్న స్థానాలకు ఎక్కువ వచ్చేది. నగరంలోనో విదేశంలోనో ఉండే పట్టాదారుకు డబ్బు పడుతుంటే చేను దున్నే కౌలురైతు ఖాళీ చేతులతో మిగిలాడన్న ఆవేదన టెక్సాస్ బేస్ ఎకరాల మీద వచ్చిన విమర్శే. పీఎం కిసాన్ దారి వేరు. ఎన్ని ఎకరాలున్నా కుటుంబానికి ఏడాదికి 6,000 రూపాయలు కాబట్టి, అక్కడ నియోజకవర్గ వాటా భూమినిబట్టి కాక రైతు కుటుంబాల సంఖ్యనుబట్టి తేలుతుంది. చిన్న కమతాలున్న ప్రాంతానికి ఇదే మేలు.

మన దగ్గర తగాదా ఎక్కువగా చోటు మీద కాక సమయం మీద నడిచింది. 2023 నవంబరు 30న పోలింగ్ అనగా, 27న ఎన్నికల సంఘం రైతుబంధు జమకు ఇచ్చిన అనుమతిని వెనక్కి తీసుకుంది. అందరికీ ఒకే సూత్రం ఉన్నచోట పాలకుడి చేతిలో మిగిలే ఆయుధం తేదీయే. చోటును ఎంచుకునే వీలుంటే ఏమవుతుందో దళిత కుటుంబాల సాయానికి తెచ్చిన దళితబంధు చూపింది. 2021 ఉప ఎన్నికకు ముందు దాని పైలట్ అమలు మళ్లీ హుజూరాబాద్‌లోనే మొదలైంది.

తేలనివి

ముందు కొలత సంగతి. అమెరికాలో చెల్లింపు వివరాలు గ్రహీత చిరునామాతోనో కౌంటీతోనో వస్తాయి. కొన్ని కౌంటీలు రెండు మూడు నియోజకవర్గాల మధ్య చీలి ఉంటాయి, పదేళ్లకోసారి గీతలు మారతాయి. పొలం ఒక చోట, ఉత్తరాల చిరునామా మరో చోట ఉంటే సొమ్మును ఎక్కడ రాయాలో పరిశోధకుడి ఇష్టమైపోతుంది. 2012 గీతలతో తీసిన లెక్కను 2022 గీతల లెక్కతో పోల్చి పెరిగింది, తగ్గింది అనేవారి మాట నమ్మదగ్గది కాదు.

రెండోది పంటల బీమా. సగటున ప్రీమియంలో 60 శాతానికి పైగా ప్రభుత్వమే కడుతుంది, ఈ సాయానికి తలకింతన్న పరిమితి లేదు. కౌంటీ మొత్తాలు దొరుకుతాయిగానీ ఎవరికి ఎంత అందిందో పేర్లు బయటకు రావు. చెల్లింపుల పట్టికను చూసి పంపకం ఇదీ అని తేల్చేవారంతా సాయంలో ఈ భాగాన్ని వదిలేసి తేలుస్తున్నారు.

మూడోది, అత్యవసర సాయం ఇక అలవాటుగా మారుతోందా అన్నది. 2024 డిసెంబరులో కాంగ్రెస్ 1,000 కోట్ల డాలర్ల ఆర్థిక సాయాన్ని తానే చట్టంలో రాసి ఇచ్చింది. 2018, 2019 సాయాన్ని మాత్రం శాఖే నిర్ణయించింది. సభలో రాసిన సూత్రమైతే బేరం బహిరంగంగా జరుగుతుంది, ఓట్లు నమోదవుతాయి, ఎవరు ఏ పంటకోసం పట్టుబట్టారో తెలుస్తుంది. శాఖ గదిలో రేటు కట్టినప్పుడు కౌంటీల పట్టిక వెలువడ్డాకే రైతుకైనా, అతని ప్రతినిధికైనా తెలిసేది. చెల్లింపుల్లో ఏ ఏడు ఎంత భాగం ఏ దారిన వచ్చిందో విడదీసి, ఆ రెండు భాగాలకూ వేర్వేరుగా నియోజకవర్గాల లెక్క తీస్తేనే పార్టీ వాదం నిలుస్తుందో లేదో చెప్పగలం.